కోడుమూరు లారీకి సగటు అక్షరాలు

ఒకే బొమ్మ లారీని ఒకే ఇంట్లో ఇద్దరు చూశారు. దాని మీది అక్షరాలు చిన్నగా వచ్చాయని భర్త అన్నాడు. పెద్దగా వచ్చాయని భార్య అంది. ఆ అక్షరాలను కొలిచింది నేను, గీసింది నేను, అచ్చు వేసి అతికించింది నేను. రెండు పక్కలా వాటి ఎత్తు పది పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. ఒకటే కొలత ఒకరికి చిన్నదీ ఇంకొకరికి పెద్దదీ ఎట్లా అవుతుందో ఆ రోజు నాకు తెలియలేదు. తర్వాత తెలిసిందనుకున్నాను. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే ఆ తెలిసినదాని మీద కూడా పూర్తి నమ్మకం కుదరడం లేదు.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చాయి. కర్నూలు నుంచి బేతంచెర్ల పోయే దారిలో ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా కొలతలు రాస్తున్నాను. గని నుంచి వచ్చే రాయి ఏదీ నాలుగు మూలలూ సరిగా ఉండదు. ఒక అంచు ఇరవై ఆరు అంగుళాలుంటే ఎదుటి అంచు ఇరవై నాలుగుంటుంది. మేము రెండు అంచులూ కొలిచి, ఆ రెండు అంకెలనూ సుద్దముక్కతో రాయి మీదే వేసి, కలిపి సగం చేసి, ఆ సగాన్ని మాత్రమే పుస్తకంలో ఎక్కిస్తాం. అది సగటు కొలత. ఇచ్చేవాడూ తీసుకునేవాడూ దానికి ఒప్పుకుంటారు. ఇన్నేళ్లలో ఈ సగటు మీద ఒక్క తగాదా రాలేదు. రాయి మీది సుద్ద అంకెలు పాలిష్ మిషన్ నీళ్లలో కొట్టుకుపోతాయి. వాటితో మళ్లీ ఎవరికీ పని ఉండదు.

ఇంట్లో నా పని వేరు. ఆదివారాలు, సెలవు రోజులు చిన్న లారీలు చేస్తాను. అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. అంటే అసలులో రెండడుగులు నా దగ్గర ఒక అంగుళం. లెక్కకు సులభంగా ఉంటుందని ఆ వంతు పట్టుకున్నాను. ప్లాస్టిక్ షీటు కోసి తొట్టి, క్యాబిన్ కడతాను. చక్రాలు మాత్రం తెప్పించుకుంటాను. మొదట్లో లారీ మీది రాతలను సన్న కుంచెతో రాసేవాడిని. బియ్యపు గింజంత అక్షరం మీద నా చెయ్యి వణికితే అది అక్షరంలా ఉండేది కాదు, చీమ నడిచినట్టు ఉండేది. అప్పుడు డెకాల్ కాగితం సంగతి తెలిసింది. ఆ కాగితం మీద మనకు కావలసింది మామూలు ప్రింటర్‌తో అచ్చు వేసుకోవచ్చు. పైన రంగులేని లక్కను స్ప్రే చేసి ఆరబెట్టి, ముక్క కత్తిరించి నీళ్లలో వేస్తే, అక్షరం పల్చటి పొరలాగా కాగితం మీద నుంచి జారుతుంది. దాన్ని వేలితో నెట్టి బొమ్మ మీద కూర్చోబెట్టాలి. ఆరాక అది పెయింటు రాతలాగే ఉంటుంది.

చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మొదటి షీటు మీద లక్క కొట్టకుండా నీళ్లలో వేశాను, సిరా మొత్తం గిన్నెలో కలిసిపోయింది. రెండో షీటుకు మే నెల మధ్యాహ్నం మిద్దె మీద లక్క కొట్టాను. ఆ ఎండకు లక్క డబ్బాలోంచి వచ్చి కాగితం మీద పడేలోపే ఆరిపోయి, పిండి చల్లినట్టు గరుకుగా తేలింది. మూడోది బాగానే వచ్చింది కానీ అతికించిన మర్నాడు అక్షరాల చుట్టూ తెల్లటి పొగ కమ్మింది. షీటు మంచిది కాదని రెండు వారాలు తిట్టుకున్నాను. తప్పు షీటుది కాదు, మా వీధి బోరు నీళ్లది. ఆ నీళ్లు కాస్తే గిన్నె అడుగున సున్నం పేరుకుంటుంది. అదే సున్నం డెకాల్ కింద పేరుకుంది. అప్పటినుంచి తాగే క్యాన్ నీళ్లలోనే నానబెడుతున్నాను.

ఇంకొకటి కూడా ఆలస్యంగా తెలిసింది. ప్రింటర్‌కు తెలుపు రంగు లేదు. పసుపు ఉంది కానీ అది గాజులాగా పల్చగా ఉంటుంది. పచ్చ చెక్క మీద పసుపు అక్షరం అతికిస్తే పసుపు కనిపించదు, ఆకుపచ్చలో కాస్త లేత మరక కనిపిస్తుంది. అందుకని పసుపు అక్షరాలను తెల్ల డెకాల్ షీటు మీద వేసి, అక్షరం అంచు వెంబడి బ్లేడుతో కోసుకోవాలి. ఇవన్నీ ఒక నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాను. అందుకే, ఇక తప్పు జరగదు అనుకునే దశలో ఉన్నాను నేను, లారీ ఆయన మా గేటు దగ్గరకు వచ్చినప్పుడు.

ఆయనది మా ఇంటికి రెండిళ్ల అవతల. సొంతూరు కోడుమూరు. వయసులో ఉన్నప్పుడు కర్నూలు వచ్చి, ఒక పాత లారీ సంపాదించుకుని దాన్ని తానే నడిపాడు. ఉల్లిగడ్డల కాలంలో ఉల్లిగడ్డలు, మిగతా రోజుల్లో మా ఫ్యాక్టరీ రాళ్లు కడప దాకా తోలేవాడు. కోడుమూరులో ఇప్పుడు ఆయనకు ఇల్లు లేదు, చేను లేదు, అన్నదమ్ములూ లేరు. ఆ లారీ తొట్టికి రెండు పక్కలా పచ్చ చెక్కల మీద, పసుపు అక్షరాలతో, ఎర్ర అంచుతో పెద్దగా ‘కోడుమూరు’ అని రాయించుకున్నాడు. మా వీధిలో ఆ ఇంటిని అందరూ కోడుమూరు లారీ ఇల్లు అనే అంటారు.

లారీకి కాలం చెల్లింది. కాగితాలు ఇక మళ్లీ రావన్నారు. పాత ఇనుము వాళ్లు వచ్చే సోమవారం తీసుకుపోతామని చెప్పారు.

“అప్పా, సోమవారం గ్యాస్ కట్టరు పెడ్తారంట,” అన్నాడాయన, గేటు పట్టుకుని. “ఇనుముదేముంది, పోనీ. ఆ రాత పోతే మాత్రం నాకి మా ఊరు పోయినట్టే. మళ్ల యాడ చూడాల దాన్ని? నువ్వు బొమ్మలు చేస్తాండావు గదా. దాని మింద ఆ రాత అట్లనే దించు.”

“దించుతానన్నా,” అన్నాను.

“అట్లనే అంటే అట్లనే. ఒక్క గీటు తప్పినా నేను కనిపెడ్తా. నలభై ఏండ్లు చూసిన రాత అది.”

ఆదివారం పొద్దున టేపు, సుద్దముక్క, నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. ఆయన ఇంటి పక్క ఖాళీ స్థలంలో లారీ ఎప్పుడూ ఒకే తీరుగా నిలబడేది, ముక్కు వీధి వైపు, ఎడమ పక్క వాళ్ల వాకిలి వైపు. ఎడమ పక్కకూ వాళ్ల గోడకూ మధ్య మూడడుగుల సందు. ముందు కుడి పక్క కొలిచాను. అక్షరం ఎత్తు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. చెక్క మీద అక్షరాల కింద సుద్దతో 28 అని వేశాను. తర్వాత సందులోకి దూరి ఎడమ పక్క కొలిచాను. ఇరవై నాలుగు వచ్చింది. టేపు వంకర పోయిందేమోనని మళ్లీ కొలిచాను. ఇరవై నాలుగే. కుడికి పోయి చూశాను, ఇరవై ఎనిమిదే. మూడుసార్లు తిరిగాను.

“అన్నా, రెండు పక్కలా ఒకరే రాశారా?” అని అడిగాను.

“ఒకడే. ఒకే దినం రాసినాడు. ఎందుకప్పా?”

“ఒక పక్క కొంచెం చిన్నగా ఉన్నట్టుంది.”

వాకిట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ఆయన భార్య తలెత్తింది. “రెండు పక్కలూ ఒకటే తమ్ముడా. ఊరి పేరు ఒకటే గదా, రెండు రకాలు ఎట్లుంటాది?” అంది.

“టేపు చూసుకో లెక్కలాయనా,” అని ఆయన నవ్వాడు.

ఆ ఇద్దరి కంటే నాకెక్కువ తెలుసా అనిపించింది. చేతి రాత కదా, చివరికొచ్చేసరికి చెయ్యి అలిసి తగ్గి ఉంటుంది అనుకున్నాను. ఫ్యాక్టరీలో ఇట్లాంటి తేడా రోజుకు వందసార్లు చూస్తాను. ఎడమ చెక్క మీద 24 అని సుద్దతో వేసి, రెండూ కలిపి సగం చేసి, నోటుబుక్కులో ఒకే అంకె రాసుకున్నాను. 26. ఫోటో కుడి పక్కది మాత్రమే తీశాను. ఎడమ సందులో వెనక్కి జరిగి నిలబడే చోటు లేదు. రెండూ ఒకటే అన్నారు కాబట్టి ఒకటి చాలు అనుకున్నాను.

సోమవారం నేను ఫ్యాక్టరీలో ఉండగా లారీ వెళ్లిపోయింది. బొమ్మకు తొట్టీ క్యాబినూ ముందే కట్టి పెట్టుకున్నవి ఉన్నాయి కాబట్టి, ఆ వారం సాయంత్రాలన్నీ రాత మీదే కూర్చున్నాను.

కంప్యూటర్‌లో ఉన్న తెలుగు అక్షరాలతో ‘కోడుమూరు’ అని కొట్టి చూస్తే బడిపుస్తకంలో రాసినట్టు వచ్చింది. అది పనికిరాదు. ఫోటోను తెర మీద పెట్టి, పెయింటర్ కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగిందో చూసుకుంటూ అక్షరాన్ని చుట్టూ గీసుకున్నాను. ఇరవై ఆరు సెంటీమీటర్లను ఇరవై నాలుగుతో భాగిస్తే పది పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ ఎత్తుకు కుదించి, పసుపు వేసి, ఎర్ర అంచు వేసి, తెల్ల షీటు మీద రెండు ముక్కలు తీశాను. మూడు పల్చటి పూతల లక్క, పూతకూ పూతకూ మధ్య ఇరవై నిమిషాలు. అక్షరం చుట్టూ కోయడానికే రెండు గంటలు పట్టింది. ‘మూ’ లోపలి సందులో తెలుపు మిగలకుండా తీయడం అన్నిటికంటే కష్టం. ఎక్కడా పొగ లేదు, ముడత లేదు. నేను చేసినవాటిలో అంత శుభ్రంగా కుదిరినది లేదు.

గురువారం సాయంత్రం తీసుకెళ్లాను. ముందుగదిలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా చాప మీద ఉంది. ఇద్దరి మధ్య ఉన్న స్టూలు మీద లారీ పెట్టాను, కుడి పక్క ఆయన వైపు ఉండేట్టు. ఆయన వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

“అప్పా, బండి మాత్రం శానా బాగుండాది,” అన్నాడు చివరికి. “అక్షరాలే... చిన్నగుండాయి.”

“యాడ చిన్నగుండాయి?” అంది ఆమె చాప మీద నుంచి. “పెద్దగుండాయి గదా! మన బండి మింద ఇంత లావు అక్షరాలు యాడుండె?”

“నీకేం తెలుసు? దినామూ తోలింది నేనా నువ్వా?”

“తోలేటోడు లోపల కూర్చుంటాడు. బయట చూసేది నేను.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను జేబులోంచి కొలిచే కాలిపర్ తీసి, రెండు పక్కలా పట్టి చూపించాను. పది పాయింట్ ఎనిమిది. పది పాయింట్ ఎనిమిది.

“నీ పది నాకెందుకప్పా?” అన్నాడాయన. గొంతు కోపంగా లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. “నువ్వు కొలిచింది నిజమే కావచ్చు. ఇది మాత్రం నా బండి కాదు. ఇట్లాంటి రాత వేరే ఎవరి బండి మిందనో చూసినట్టుండాది.” లారీని మెల్లగా నా వైపు జరిపాడు. “అసలుది చూసుకుందామంటే అది కూడా పాయె.”

బొమ్మను వెనక్కి తెచ్చుకున్నాను. నాలుగు రోజులు నాకు వేరే ఆలోచన లేదు. తప్పు ప్రింటర్‌దేమో అనుకున్నాను. అచ్చు వేసేటప్పుడు పేజీకి సరిపెట్టే అమరిక ఆన్‌లో ఉంటే మనకు చెప్పకుండా అది అంతటినీ కొంచెం కుదిస్తుంది. వంద మిల్లీమీటర్ల గీత వేసి కొలిచాను, వందే ఉంది. నీళ్లలో నానినప్పుడు పొర సాగుతుందేమో అని చూశాను. సాగలేదు. ఫోటోలో చెక్క వంపు వల్ల అక్షరం పొట్టిగా పడిందేమో అని మళ్లీ గీశాను. తేడా లేదు. పైగా ఇవన్నీ ఒక దిక్కుకే తప్పు చూపించాలి. చిన్నదైతే ఇద్దరికీ చిన్నదిగా, పెద్దదైతే ఇద్దరికీ పెద్దదిగా కనపడాలి. ఒక మనిషికి ఒక దిక్కు, ఇంకో మనిషికి ఇంకో దిక్కు చూపించే తప్పు నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. ఆమె పక్కనుంచి చూసిందా, కింద కూర్చుంది కాబట్టి పెద్దగా కనపడిందా అని కూడా లెక్క వేశాను. కాగితం నిండింది కానీ జవాబు రాలేదు.

చివరికి మామూలు కాగితం మీద అదే రాతను ఐదు సైజుల్లో అచ్చు తీశాను. పది మిల్లీమీటర్ల నుంచి పదకొండు పాయింట్ ఏడు దాకా. వెనక పెన్సిల్‌తో కొలత రాసి, ముందు వైపు ఏమీ రాయలేదు. లారీనీ, ఆ ముక్కలనూ పట్టుకుని వెళ్లి, ఆయనకు ఇచ్చి, ఏది సరిగా ఉందో పెట్టి చూడమన్నాను. ఆయన ఒక్కొక్క ముక్కనూ తన వైపున్న చెక్కకు ఆనించి, నిమిషంలో ఒకటి తీసి పక్కన పెట్టాడు. తర్వాత వంటింట్లోంచి ఆమెను పిలిచాను. ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, తన వైపు చాప మీద కూర్చుని, ఐదు ముక్కలూ చూసి ఒకటి తీసింది. ఇద్దరికీ ఏ అనుమానమూ లేదు. ముక్కలు తిప్పి చూశాను. ఆయనది పదకొండు పాయింట్ ఏడు. ఆమెది పది.

అలవాటు చొప్పున ఆ రెండూ కలిపి సగం చేశాను. పది పాయింట్ ఎనిమిది ఐదు వచ్చింది. వాళ్లిద్దరూ వద్దన్న కొలతే అది. ఆ అంకె కింద పెన్సిల్‌తో గీత గీశాను.

“ఏమప్పా, ఏమొచ్చింది?” అన్నాడాయన.

“మొన్నటిదే వచ్చిందన్నా.”

“అంటే ఇద్దరం తప్పేనా?”

“ఏమో,” అన్నాను. 

ఇంటికి వచ్చాక ఆ రెండు కొలతలనూ ఇరవై నాలుగుతో గుణించాను, అసలు లారీ మీద అవి ఎంతవుతాయో చూద్దామని. ఒకటి ఇరవై ఎనిమిది, ఒకటి ఇరవై నాలుగు. ఈ రెండు అంకెలను ఎక్కడో చూశాననిపించింది. అప్పుడు సుద్దముక్క గుర్తొచ్చింది. రెండు అంకెలు వేసిన మాట గుర్తుంది కానీ ఏది ఏ పక్క వేశానో గుర్తు లేదు. పుస్తకంలో ఎక్కించని అంకెను మనసులో పెట్టుకునే అలవాటు నాకు ఇరవై రెండేళ్లుగా లేదు.

మర్నాడు ఊరి బయట హైవే పక్కనున్న పాత ఇనుము దుకాణానికి వెళ్లాను. క్యాబిన్ అప్పటికే ముక్కలైంది. తొట్టి చెక్కలను విడిగా గోడకు ఆనించి పెట్టారు. పై చెక్కలు నాలుగు దించితే పసుపు ‘కో’ కనపడింది. దాని కింద నా చేతి సుద్ద రాత చెరగకుండా ఉంది, 28. ఆ చెక్క ఏ పక్కదో గొళ్లెం ఉన్న తీరును బట్టి తెలిసింది. కుడి పక్కది. ఎడమ పక్క చెక్కల కోసం వెతికితే, గొర్రెల దొడ్డికి కావాలని ఎవరో ఆటోలో వేసుకుపోయారని చెప్పారు. ఫర్వాలేదు. సగటు ఇరవై ఆరు నా దగ్గర ఉంది. దాన్ని రెట్టింపు చేసి ఇరవై ఎనిమిది తీసేస్తే ఎడమ పక్క ఇరవై నాలుగు. ఏ సగటు తీసి పోగొట్టుకున్నానో ఆ సగటే తిరిగి చూపించింది. లెక్క కుదిరింది కానీ ఎందుకు కుదిరిందో తెలియలేదు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే మాటను రెండు సైజుల్లో ఎందుకు రాస్తాడు?

రాసిన పెయింటర్ ఇంకా ఉన్నాడని లారీ ఆయనే చెప్పాడు. లారీలకు తొట్టి కట్టే షెడ్లున్న వీధిలో, ఒక రేకుల వసారా కింద దొరికాడు. ముసలాయన. ఇప్పుడు మిషన్ కోసిన స్టిక్కర్లే వస్తున్నాయని, తనకు నంబరు పలకలు తప్ప పని రావడం లేదని చెప్పాడు. నేను సంగతంతా చెప్పాను. ఆయన లేచి, మూలనున్న పొరక చీపురు లోంచి ఒక పుల్ల లాగి, రెండు వేళ్ల వెడల్పున తుంచి నా చేతిలో పెట్టాడు.

“నా టేపు ఇదే. ఒక్కో బండికి ఒక్కో పుల్ల. కుడి పక్క ఏడు పుల్లల ఎత్తు, ఎడమ పక్క ఆరు.”

ఆ పుల్లకు నా టేపు పెట్టాను. అది నాలుగు సెంటీమీటర్లకు వెంట్రుక వాసి తక్కువ. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ఆరు నాలుగులు ఇరవై నాలుగు.

“ఎందుకన్నా అట్లా?”

“ఎందుకేమప్పా! కుడి పక్కను చూసేదెవరు? ఎదురొచ్చే బండోడు, దాటిపోయే బండోడు. వాడు పరిగెత్తుతాండాడు. వాడికి పెద్దగా రాయాల. ఎడమ పక్కను చూసేది రోడ్డు అంచున నిలబడినోడు, టీ తాగేటోడు, వాకిట్లో ఆడోళ్లు. దగ్గరుంటారు వాళ్లు. మొగం మింద పెద్ద అక్షరం పెడ్తే చదవరు, జడుసుకుంటారు.”

“లారీ ఆయనకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదా?”

“ఏడా ఆరా అని అడిగినోడు ఇన్నేండ్లకు నువ్వొక్కడివే. సరే, నువ్వు రెండు పక్కలా కొలిచినావు గదా?”

“కొలిచినా.”

“తేడా కనపడింది గదా?”

“కనపడింది.”

“మళ్ల ఏం చేస్తివి?”

“సగటు తీసినా.”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “పొడుగోడు ఒకడు, పొట్టోడు ఒకడు ఉంటే, సగం కొలత తీసి ఇద్దరికీ చొక్కాలు కుట్టినావు గదప్పా! ఇద్దరికీ పట్టకపాయె!”

నాకు నవ్వు రాలేదు. తిరిగి వస్తూ బస్సులో ఇదే ఆలోచించాను. ఫ్యాక్టరీలో రాయికి రెండంచులూ ఒకే మనిషి కాళ్ల కిందికి పోతాయి. అందుకని సగటు చెల్లింది. లారీకి రెండు పక్కలనూ ఒకే మనిషి ఒకేసారి చూడడం కుదరదు. ఈ మాట కూడా సరిగ్గా చెప్పానో లేదో తెలియదు. ఆ లారీకి నేను రెండిళ్ల అవతల పద్నాలుగేళ్లు ఉన్నాను. నేను ఏ పక్కను చూశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

పాత డెకాల్స్ లక్క కింద అంటుకుపోయి రాలేదు. రెండు చెక్కలనూ ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ పచ్చ రంగు వేశాను. కుడి పక్కకు పదకొండు పాయింట్ ఏడు, ఎడమ పక్కకు పది. కత్తిరించిన ముక్కలు కలిసిపోతాయేమోనని రెండు గిన్నెల్లో విడివిడిగా నానబెట్టాను. అతికించాక దూరంగా పెట్టి చూస్తే నా కంటికి అది తప్పుగా ఉన్నట్టే ఉంది. రెండు పక్కలూ సమానంగా లేని వస్తువును నేను అంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

ఆదివారం తీసుకెళ్లి, అదే స్టూలు మీద, అదే తీరుగా పెట్టాను. పెయింటర్ చెప్పినదేదీ ముందుగా చెప్పలేదు. చెప్తే వాళ్లు నా కోసం ఒప్పుకుంటారేమోనని భయం.

ఆయన వంగలేదు, కళ్లద్దాలు ముట్టుకోలేదు. “ఇదీ,” అన్నాడు.  చూపుడువేలు అక్షరాలకు తగలకుండా గాలిలోనే ‘కో’ నుంచి ‘రు’ దాకా నడిపించాడు.

“అవును, ఇదే,” అంది ఆమె కూడా, చాప మీద తన వైపు నుంచి. “పొద్దున్నే తలుపు తీస్తే ఈ రాతే.”

ఆయన ఆమె మొహం చూశాడు. లేచి, మోకాలు పట్టుకుని, స్టూలు చుట్టూ తిరిగి ఆమె వైపు వచ్చాడు. వంగి ఎడమ పక్క చూశాడు.

“ఇదేమి, ఇంత చిన్నగుండాది?”

“ఇట్లే ఉండె.”

“ఇన్నేండ్లు నువ్వు చూసింది ఈ బండినా?”

“మళ్ల నువ్వు తోలింది యా బండి?” అంటూ ఆమె కూడా లేచి ఆయన కుర్చీ వైపు వెళ్లింది. చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అబ్బా! ఏం అక్షరాలివి? రోడ్డు మింద నిలబడి అరిచినట్టుండాది.”

అప్పుడు ఏడు పుల్లలు, ఆరు పుల్లల సంగతి చెప్పాను. ఇద్దరూ విన్నారు. విన్నాక కూడా ఆయన ఎడమ పక్కనే చూస్తూ ఉన్నాడు.

“రెండిట్లో నిజం బండి ఏదప్పా?” అని అడిగాడు.

నా నోటుబుక్కులో రెండు కొలతలూ ఉన్నాయి.  “రెండూ నిజమే అన్నా,” అన్నాను కానీ ఆ మాట నాకే చప్పగా వినిపించింది. ఆయనా దాన్ని పట్టించుకోలేదు. గోడ పట్టుకుని మెల్లగా ఆమె చాప మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఎడమ పక్క ఆయన కళ్లకు ఎదురుగా ఉంది.

“నేను బయల్దేరేటప్పుడు నువ్వు యాడ నిలబడ్తాంటివి?”

“తలుపుకాడ.”

“బండి ఎడమకు తిప్పుకుని వాకిలి ముందర్నించే పోతాంటి గదా నేను.”

“పోతాంటివి. నువ్వు ఆ పక్క కూర్చుంటివి, నాకి కనపడకుంటివి.”

“మళ్ల ఎంతసేపు నిలబడ్తాంటివి?”

“రాత కనపడేంత సేపు.”

ఆయన ఎడమ పక్క అక్షరాల మీద వేలు పెట్టాడు. నేను మాత్రం, ఇరవై నాలుగు సెంటీమీటర్ల పసుపు అక్షరం పచ్చ చెక్క మీద ఎంత దూరం దాకా కనపడుతుందో లెక్క కట్టబోయాను. బండి పోయేకొద్దీ చెక్క ఏటవాలుగా తిరుగుతుంది, అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, వీధి చివర దుమ్ము లేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

“ఎంత దూరం వరకు కనపడేది వదినా?” అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

“దూరం నేనేమన్నా కొలిచినానా తమ్ముడా?”